రిపోర్టులన్నీ నార్మల్, తల మాత్రం తిరుగుతూనే ఉంది: ఈ చిక్కుముడి ఎక్కడ పడుతుంది?

తల తిరుగుడు, ఎంత పడుకున్నా తీరని నీరసం, తలకు ఒక పక్కే నొప్పి. ఈ మూడూ నెలల తరబడి పట్టుకున్నవాళ్లు మన దగ్గర తిరిగే దారి దాదాపు ఒకటే. మొదట వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర బీపీ చూపించుకుని ఒక సెలైన్. తగ్గకపోతే జనరల్ ఫిజీషియన్. ఆయన రక్తపరీక్షలు రాసి, చెవి డాక్టర్‌ను కలవమంటారు. చెవిలో ఏమీ లేదని తేలాక ఎముకల డాక్టర్, మెడ ఎక్స్‌రే, మెడకు కాలర్. మధ్యలో ఎవరో చెప్పారని కళ్లద్దాలు మారతాయి. చివరికి న్యూరాలజిస్టు, ఎంఆర్‌ఐ. అదీ నార్మల్ అని తెలిసిన రోజున ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. రోగికి మాత్రం దిగులు రెట్టింపవుతుంది. ఏమీ లేకపోతే మరి ఇదంతా ఏమిటి?

ఇలాంటి కేసుల్లో చాలావాటికి వెనుక అంతుపట్టని జబ్బేమీ ఉండదు. మామూలు సమస్యలే రెండో మూడో ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. వాటన్నిటికీ ఒకే పేరు వెతకడం వల్ల ఏ పేరూ సరిగ్గా అతకదు. పైగా వీటిలో ఎక్కువ భాగం స్కాన్‌లో కనిపించవు, రోగి చెప్పే కథలో దొరుకుతాయి. ఆ కథ వినడానికి ఓపీలో అయిదు నిమిషాలు చాలవన్నది వేరే గొడవ.

ఎంఆర్‌ఐకి కనిపించనివి

ఎంఆర్‌ఐ చూపించేది మెదడు నిర్మాణాన్ని. గడ్డ, రక్తస్రావం, పక్షవాతం మిగిల్చిన మచ్చ, వాపు వంటివి ఉంటే అందులో దొరుకుతాయి. మైగ్రేన్‌లో నిర్మాణం బాగానే ఉంటుంది, తేడా అంతా పనితీరులో. లోపలి చెవిలో చోటు తప్పిన కాల్షియం రేణువులు మామూలు స్కాన్‌కు చిక్కనంత చిన్నవి. మంచం మీద పడుకోబెట్టి తీసే ఈసీజీ, అదే మనిషి లేచి నిలబడితే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో చెప్పదు. రక్తంలో హిమోగ్లోబిన్ ‘కొద్దిగా తక్కువ’ అని రిపోర్టులో ఉన్నా, ఆడవాళ్లకు మామూలేలే అని పక్కన పెట్టేయడం కూడా తరచూ చూసేదే.

అలాగని ఆ స్కాన్ దండగ కాదు. ప్రమాదకరమైనవి లేవని తేల్చడం చాలా పెద్ద విషయం. ఉన్నట్టుండి తల తిరగడంతో పాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, ఒక పక్క చేయి కాలు బలహీనపడడం, పట్టుకోకుండా నాలుగడుగులు వేయలేకపోవడం వంటివి ఉంటే అది పక్షవాతం కావచ్చు. అక్కడ గంటలు కాదు, నిమిషాలు లెక్క. క్షణాల్లో పతాక స్థాయికి చేరిన తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోవడం కూడా అత్యవసరాలే. 50 దాటినవాళ్లకు కొత్తగా కణత నొప్పి మొదలై, దువ్వెన పెడితే తల సలపడం, నమిలితే దవడ నొప్పి పుట్టడం కనిపిస్తే రక్తనాళాల వాపును అనుమానించి ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు చూస్తారు. ఆలస్యమైతే దానివల్ల చూపు పోవచ్చు. ఇవేవీ లేకుండా నెలల తరబడి సాగే బాధ గురించే ఇక్కడి నుంచి చెప్పేదంతా.

ఎలా తిరుగుతోంది కన్నా, ఎంతసేపు తిరుగుతోంది

డాక్టర్లు దశాబ్దాలుగా అడిగే మొదటి ప్రశ్న ‘ఎలా తిరుగుతోంది?’ గది గిర్రున తిరుగుతోందా, తూలినట్టుందా, కళ్లు బైర్లు కమ్ముతున్నాయా, తల దిమ్ముగా ఉందా? జవాబును బట్టి చెవా, మెదడా, గుండెనా, మనసా అని వర్గీకరించేవారు. ఈ పద్ధతిని 2007లో అమెరికాలో ఒక అధ్యయనం గట్టిగా కదిపింది. ఎమర్జెన్సీకి వచ్చిన రోగులనే కొద్ది నిమిషాల తేడాతో మళ్లీ అడిగితే, సుమారు సగం మంది వేరే రకం ఎంచుకున్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ అనుభూతిని మాటల్లో పెట్టడం నిజంగానే కష్టం. అదే రోగులు ఎంతసేపు ఉంటుంది, ఏం చేస్తే వస్తుంది అన్న ప్రశ్నలకు మాత్రం నిలకడగా జవాబిచ్చారు. అందుకే ఇప్పుడు నిపుణులు గడియారాన్ని నమ్ముకుంటున్నారు.

మంచంలో పక్కకు దొర్లినప్పుడు, అటక మీది డబ్బా కోసం తల పైకెత్తినప్పుడు గిర్రున తిరిగి, నిమిషంలోపే సర్దుకుంటే అది చాలావరకు బీపీపీవీ. అంటే ఇందాక చెప్పిన కాల్షియం రేణువులు లోపలి చెవి గొట్టాల్లోకి జారడం. మంచం మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, చటుక్కున వెల్లకిలా పడుకోబెట్టి కనుగుడ్ల కదలిక చూస్తే తెలిసిపోతుంది. డిక్స్-హాల్‌పైక్ అనే ఈ పరీక్ష 1952 నుంచీ ఉంది. ఖర్చేమీ లేదు, యంత్రమూ అక్కర్లేదు. రేణువుల్ని వెనక్కి పంపే ఎప్లీ పద్ధతి కూడా చేతులతో చేసేదే.

ఒక్కో దఫా 20 నిమిషాల నుంచి 12 గంటలు తిరిగి, ఆ సమయంలోనే ఒక చెవిలో హోరు, వినికిడి తగ్గడం ఉంటే మినియర్స్ జబ్బును ఆలోచిస్తారు. లేచి నిలబడినప్పుడే వచ్చి, కూర్చుంటే తగ్గితే చూపు రక్తప్రసరణ మీదికి పోతుంది. నిలబడిన 3 నిమిషాల్లో పై బీపీ 20 పాయింట్లు లేదా కింది బీపీ 10 పాయింట్లు పడితే ఒక సమస్య. బీపీ పడకుండానే 10 నిమిషాల్లో గుండె వేగం 30 లేదా ఆపైన పెరిగి అలాగే ఉంటే అది పాట్స్ అనే మరో సమస్య. టీనేజ్‌లో వాళ్లకు ఈ హద్దు 40. మనవాళ్లు ‘బీపీ డౌన్ అయింది’ అని ఉప్పేసిన మజ్జిగ ఇచ్చేది ఈ గుంపుకే. వాళ్లలో కొందరికి అది నిజంగా పనిచేస్తుంది కూడా.

మరి నొప్పితో ముడిపడి, గంటల నుంచి మూడు రోజుల దాకా సాగేది?

పార్శ్వపు నొప్పి తలనొప్పి ఒక్కటే కాదు

మైగ్రేన్‌ను తెలుగులో పార్శ్వపు నొప్పి అంటాం. ఇది ఎంత మామూలు జబ్బో చాలామందికి తెలియదు. కర్ణాటకలో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే ఫలితాలు 2015లో వచ్చాయి. అందులో ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవాళ్లు పెద్దల్లో దాదాపు నాలుగో వంతు. మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఎక్కువ.

మైగ్రేన్‌లో నొప్పి ఒక దశ మాత్రమే. ముందురోజే ఆవలింతలు, మెడ పట్టేయడం, తీపి మీద యావ, చిరాకు మొదలవుతాయి కొందరికి. నొప్పి తగ్గాక ఒకటి రెండు రోజులు ఒళ్లు పిండేసినట్టు నీరసం, మాట తడుముకోవడం ఉంటాయి. నెలకు ఆరేడు సార్లు నొప్పి వచ్చేవాళ్లకు ఈ ముందు రోజులు, తరువాతి రోజులు ఒకదానితో ఒకటి కలిసిపోయి, నెలంతా నీరసంగానే అనిపిస్తుంది. ‘నాకు ఎప్పుడూ నీరసమే, మధ్యమధ్యలో తలనొప్పి’ అని చెప్పే మనిషి నిజానికి ఒకే జబ్బు గురించి చెబుతూ ఉండవచ్చు.

తల తిరుగుడూ అలాంటిదే. మొహం, తల నుంచి నొప్పి కబుర్లు మోసుకొచ్చే ట్రైజెమినల్ నరం చేరే చోటికీ, లోపలి చెవి నుంచి వచ్చే సమతూకపు సమాచారం చేరే చోటికీ మెదడు కాండంలో దగ్గరి సంబంధాలున్నాయి. ఒకటి రేగితే రెండోదీ రేగవచ్చు. దీనికి వెస్టిబ్యులర్ మైగ్రేన్ అని పేరు. సమతూకం జబ్బుల మీద పనిచేసే బరానీ సొసైటీ, అంతర్జాతీయ తలనొప్పి సంఘం కలిసి 2012లో దీనికి కొలబద్ద తయారుచేశాయి. (రాబర్ట్ బరానీ 1914 నోబెల్ విజేత. ఆ కబురు అందేనాటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ.)

కొలబద్ద ఇది: ఒక మోస్తరు నుంచి తీవ్రంగా తల తిరిగిన దఫాలు కనీసం 5 ఉండాలి. ఒక్కోటీ 5 నిమిషాల నుంచి 72 గంటల మధ్య ఉండాలి. ఇప్పుడో, గతంలోనో మైగ్రేన్ ఉండాలి. ఆ దఫాల్లో కనీసం సగంలో మైగ్రేన్ లక్షణాలు కనిపించాలి, అంటే ఒక పక్క పోటు వంటి తలనొప్పి, లేదా వెలుగూ శబ్దమూ రెండూ భరించలేకపోవడం, లేదా కళ్ల ముందు మెరుపు గీతలు. ఇంకే జబ్బూ దీన్ని మెరుగ్గా వివరించకూడదు. ఇక్కడ గమనించాల్సింది, తల తిరుగుతున్నప్పుడే తల నొప్పెట్టి తీరాలన్న నియమం లేదు. కాలేజీ రోజుల్లో తలనొప్పులు వచ్చి, పెళ్లయి పిల్లలు పుట్టాక అవి తగ్గి, నలభైల్లో తల తిరుగుడుగా తేలినవాళ్లు ఉన్నారు. చెవి డాక్టర్ అడిగితే ‘తలనొప్పా? అది ఎప్పటిదో, ఇప్పుడు లేదు’ అంటారు. దారి అక్కడే తప్పుతుంది.

దీన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణ 2018 కూర్పులో కూడా దీన్ని అసలు జాబితాలో కాక, ఇంకా పరిశోధన కావాలంటూ అనుబంధంలో ఉంచారు. కాబట్టి ఇద్దరు మంచి డాక్టర్లు ఒకే రోగికి రెండు పేర్లు చెబితే, ఒకరు మోసం చేస్తున్నట్టు కాదు.

అన్నట్టు, ఒక పక్క నొప్పి అంటే మైగ్రేనే అనీ లేదు. మూడు నెలలకు పైగా అస్సలు ఆగకుండా ఎప్పుడూ ఒకే పక్క ఉండి, హెచ్చుతగ్గులతో సాగుతూ, అదే పక్క కంట్లో నీరు కారడమో ముక్కు బిగుసుకోవడమో ఉంటే హెమిక్రేనియా కంటిన్యువా అనే అరుదైన తలనొప్పి కావచ్చు. ఇండోమెథాసిన్ అనే పాతకాలపు మందుకు అది పూర్తిగా లొంగుతుంది. లొంగడమే దాని నిర్ధారణ.

మెడ అరిగిందన్న మాటలో నిజమెంత

తల తిరుగుడుకు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా వినిపించే పేరు ‘సర్వైకల్ స్పాండిలైటిస్’. మెడ ఎక్స్‌రేలో ఎముకల అరుగుదల కనిపిస్తుంది, రోగికి మెడ నొప్పి కూడా ఉంటుంది. రెండూ కలిపితే జవాబు దొరికినట్టే అనిపిస్తుంది.

చిక్కు ఏమిటంటే, నలభై దాటినవాళ్లను ఏ బాధా లేనివాళ్లను తీసుకొచ్చి ఎక్స్‌రే తీసినా చాలామందిలో అరుగుదల కనిపిస్తుంది. మెడ నొప్పేమో మైగ్రేన్‌కూ ఉన్న లక్షణం. 2022లో బరానీ సొసైటీ తన వైఖరి చెబుతూ, మెడ వల్లే తల తిరుగుతుందనడానికి ఇప్పుడున్న ఆధారాలు చాలవంది. దీనికి ఎదురు వాదన ఫిజియోథెరపిస్టులది. మెడ కండరాల నుంచి మెదడుకు తల ఏ భంగిమలో ఉందో నిరంతరం సమాచారం పోతుంది, మెడకు వైద్యం చేసినప్పుడు కొందరికి తూలుడు తగ్గడం మేం చూస్తున్నాం అంటారు వాళ్లు. ఈ వాదన కొట్టిపారేయదగింది కాదు. ఎక్స్‌రే ఒక్కటి చూసి అదే కారణమని తేల్చడానికి మాత్రం ఏ పక్షం దగ్గరా ఆధారం లేదు. నెలల తరబడి కాలర్ కట్టుకుంటే మెడ కండరాలు బలహీనపడతాయి, తల కదపాలంటే భయం పెరుగుతుంది.

ఒక ఫైలును విప్పి చూస్తే

ఊహించిన ఒక కేసు తీసుకుందాం. విజయవాడలో 38 ఏళ్ల టీచర్. ఏడాదిగా తల తిరుగుడు, నీరసం, ఎడమ కణత నొప్పి. ఫైల్లో ఎంఆర్‌ఐ, థైరాయిడ్, వినికిడి పరీక్ష నార్మల్. హిమోగ్లోబిన్ 9.4. ఒక నెల డైరీ రాయమంటే ఇలా తేలింది. తలనొప్పి 18 రోజులు, అందులో ఎడమ పక్క పోటుతో మంచం ఎక్కినవి 6. పారాసిటమాల్ వేసుకున్న రోజులు 16, వాటిలో కొన్ని ‘వస్తుందేమో, అసలే ఇన్విజిలేషన్ ఉంది’ అని ముందుగా వేసుకున్నవి. గిర్రున తిరిగిన దఫాలు ఈ నెల 2, గత ఆరు నెలల్లో గుర్తున్నవి 8, ఒక్కోటీ మూడు నాలుగు గంటలు. ఎనిమిదింటిలో అయిదుసార్లు ట్యూబ్‌లైట్ వెలుగూ మిక్సీ చప్పుడూ భరించలేకపోయారు. ఇవి కాక, దాదాపు ప్రతిరోజూ పడవలో నిలబడినట్టు సన్నని ఊగుడు. డీమార్ట్‌లో అరల మధ్య నడిచినా, ఫోన్‌లో వేగంగా స్క్రోల్ చేసినా, బోర్డు దగ్గర ఎక్కువసేపు నిలబడినా అది పెరుగుతుంది. పడుకుంటే తగ్గుతుంది.

ఇప్పుడు విడదీస్తే, 8 దఫాలు, గంటల వ్యవధి, సగానికి పైగా వాటిలో మైగ్రేన్ లక్షణాలు, పాత తలనొప్పుల చరిత్ర. వెస్టిబ్యులర్ మైగ్రేన్ కొలబద్దకు ఇది సరిపోతోంది. రోజూ ఉండే ఊగుడు ఆ కొలబద్దలో ఇమడదు. దానికి వేరే పేరుంది, పీపీపీడీ. మూడు నెలలకు పైగా, ఎక్కువ రోజులు, నిలబడితే, కదిలితే, కళ్ల ముందు హడావిడి ఉంటే పెరిగే తూలుడు. 2017లో దీనికీ కొలబద్ద వచ్చింది. ఏదో ఒక తల తిరుగుడు జబ్బు వచ్చి పోయాక, పడిపోతామేమోనని మెదడు అతిజాగ్రత్తలో ఉండిపోవడం దీని మూలమని ఇప్పటి అవగాహన. మూడోది, పారాసిటమాల్ వంటి మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, కలగలుపు మాత్రలైతే 10 రోజులు దాటి మూడు నెలలకు పైగా వాడితే, తలనొప్పి నెలలో 15 రోజులకు చేరినప్పుడు, ఆ మాత్రలే నొప్పిని పెంచుతున్నాయేమో చూడాలి. ఆమె 16 దగ్గర ఉన్నారు. నాలుగోది హిమోగ్లోబిన్. గర్భిణి కాని స్త్రీకి 12 ఉండాలి. 9.4 అంటే ‘కొద్దిగా తక్కువ’ కాదు, మధ్యస్థాయి రక్తహీనత.

నాలుగు మామూలు సమస్యలు, నాలుగు వేర్వేరు దారులు. తల తిరుగుడుకు రాసే ఒక్క బీటాహిస్టిన్ చీటీ వీటన్నిటికీ జవాబు కాలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మందులపై వాదన ఎక్కడుంది

తల తిరుగుడు అనగానే మన మెడికల్ షాపుల్లో చేతికొచ్చేవి వెర్టిన్ పేరుతో దొరికే బీటాహిస్టిన్, స్టెమెటిల్, సిన్నరిజిన్. తీవ్రంగా తిరుగుతున్న ఒకటి రెండు రోజులకు స్టెమెటిల్ వంటివి ఊరటనిస్తాయి. నెలల తరబడి వేసుకుంటే, కొత్త సమతూకానికి మెదడు అలవాటు పడడాన్ని అవి ఆలస్యం చేస్తాయి. స్టెమెటిల్, సిన్నరిజిన్, మైగ్రేన్‌కు వాడే ఫ్లూనారిజిన్ దీర్ఘకాలం వాడిన పెద్దవాళ్లలో చేతుల వణుకు, నడక మందగించడం వంటి పార్కిన్సన్ లక్షణాలు తెప్పించగలవు. బీటాహిస్టిన్‌ను మినియర్స్ రోగుల్లో ఉత్తుత్తి మాత్రతో పోల్చి జర్మనీలో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. దఫాల సంఖ్యలో తేడా తేలలేదు. వాడి బాగుపడ్డాం అనే రోగులు, నమ్మకంగా రాసే డాక్టర్లు ఇప్పటికీ చాలామంది.

వెస్టిబ్యులర్ మైగ్రేన్‌కు ప్రొప్రనొలాల్, ఎమిట్రిప్టిలిన్, టోపిరమేట్, ఫ్లూనారిజిన్ రాస్తారు. ఇవి తలనొప్పి మైగ్రేన్ నుంచి అరువు తెచ్చుకున్నవి. తల తిరుగుడుకే ప్రత్యేకంగా పరీక్షించిన ఆధారం బలహీనంగా ఉందని 2023లో కాక్రేన్ సమీక్ష (వైద్య పరీక్షల ఫలితాలన్నిటినీ కలిపి తూచేది) తేల్చింది. ప్రొప్రనొలాల్ కోవకే చెందిన మెటోప్రొలాల్‌తో చేసిన ఒక పరీక్షలో తగినంతమంది చేరక మధ్యలో ఆపేశారు, దొరికినంతలో ప్రయోజనం కనిపించలేదు. ఆధారం లేదంటే పనిచేయదని కాదు, తేల్చేంత బాగా ఎవరూ పరీక్షించలేదని. అందుకే ఒక మందు రెండు మూడు నెలలు చూసి మరోదానికి మారడం ఈ వైద్యంలో మామూలు.

‘టెన్షన్ వల్లే’ అన్న తీర్పు

స్కాన్ నార్మల్ అయ్యాక వచ్చే మాట ఇది. సమతూకం చూసే నరాల వలయాలకూ భయాన్ని పుట్టించే వలయాలకూ మెదడులో నేరుగా సంబంధాలున్నాయి. కాళ్ల కింద నేల కదిలితే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. ఆందోళన తూలుడును పెంచుతుంది, తూలుడు ఆందోళనను పెంచుతుంది. కాబట్టి ‘టెన్షన్ కూడా’ అన్నది చాలాసార్లు నిజం. ‘టెన్షన్ వల్లే’ అనేసరికి మిగతా వెతుకులాట ఆగిపోతుంది, ఇందాకటి టీచర్ హిమోగ్లోబిన్ లాగే.

రెండో వైపునా బలం ఉంది. పీపీపీడీలో సెర్ట్రలిన్ వంటి మందులు డిప్రెషన్ లేనివాళ్లకూ ఇస్తారు. ఆ మందు పేరు ఇంటర్నెట్‌లో వెతికి, ‘నాకేం పిచ్చా?’ అని మానేసేవాళ్లు తక్కువేం కాదు. మనసు మాట వినగానే తలుపు మూసేసుకున్నవాళ్లకు మళ్లీ మళ్లీ ఎంఆర్‌ఐ తీయించుకోవడమే మిగులుతుంది.

నీరసానికి విశ్రాంతా, కదలికా

సెలైన్ దగ్గర మొదలుపెడదాం. అరలీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది 4.5 గ్రాముల ఉప్పు, మిగతాది నీళ్లు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవాళ్లకు అది ప్రాణం నిలబెడుతుంది. నెలల నాటి నీరసానికి అందులో బలమేమీ లేదు. ఎక్కించుకున్న రోజు తేలిగ్గా అనిపించడానికి ఒక గంట నిశ్చింతగా పడుకోవడం కూడా కారణమే.

నీరసానికి మన దగ్గర మొదట చూడాల్సినవి మామూలివే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గవచ్చు. గురక పెట్టేవాళ్లలో కొందరికి రాత్రంతా నిద్రపోయినా నిద్ర చాలదు. కార్తీక సోమవారాల ఉపవాసం, మే నెల ఎండ, పరీక్ష పేపర్లు దిద్దే రాత్రుల జాగారం మైగ్రేన్‌ను లేపి మర్నాటి ఓపికను లాగేస్తాయి.

ఇవన్నీ సరిచేశాక కూడా మిగిలే నీరసం దగ్గరే సలహాలు ఎదురెదురుగా నిలబడతాయి. పీపీపీడీకి, లోపలి చెవి దెబ్బతిన్నవాళ్లకు చేయించే వ్యాయామాల సూత్రం, తూలినా ఆగకుండా కొద్దికొద్దిగా కదలడం. మెదడు కదలికతోనే నేర్చుకుంటుంది. ఎంఈ/సీఎఫ్ఎస్ అనే దీర్ఘకాలిక నీరసపు జబ్బులో ఇదే సలహా బెడిసికొట్టవచ్చు. అక్కడ శ్రమకు శిక్ష ఆలస్యంగా పడుతుంది. ఈరోజు ఇల్లు సర్దితే రేపో ఎల్లుండో మంచం మీద నుంచి లేవలేరు. 2011లో బ్రిటన్‌లో వెలువడిన పేస్ అనే పెద్ద అధ్యయనం, వ్యాయామాన్ని క్రమంగా పెంచుకుంటూ పోతే మేలని చెప్పింది. రోగుల సంఘాలు దాని లెక్కల పద్ధతిని ఏళ్ల తరబడి ప్రశ్నించాయి. 2021లో బ్రిటన్ మార్గదర్శక సంస్థ నైస్ ఆ సిఫారసును తొలగించింది. కొందరు డాక్టర్లు దీన్ని తప్పుపట్టారు, ఆ గొడవ ఇంకా సద్దుమణగలేదు.

ఒకే మనిషిలో తూలుడూ నీరసమూ రెండూ ఉన్నప్పుడు ఎవరి మాట వినాలి? దీన్ని తేల్చడానికి ఫిజియోథెరపిస్టులు చూసేది వ్యాయామం చేస్తున్నప్పటి బాధను కాదు, మర్నాటి పరిస్థితిని. తల కదుపుతూ నడిచినప్పుడు తూలి, కొద్దిసేపటికి సర్దుకుని, మర్నాడు మామూలుగా ఉంటే ఆ తూలుడు నేర్చుకోవడంలో భాగం, కొనసాగిస్తారు. చేసినప్పుడు బాగానే ఉండి, ఒకటి రెండు రోజులకు ఒళ్లు కుప్పకూలి, నిద్రపోయినా తేరుకోక, మాట కూడా తడబడితే మోతాదు తగ్గిస్తారు, కొన్నిసార్లు పూర్తిగా ఆపుతారు. మొదలుపెట్టే ముందు రోగిని పది నిమిషాలు గోడకు ఆనకుండా నిలబెట్టి, నిమిషం నిమిషానికీ నాడి, బీపీ రాసుకునేవాళ్లూ ఉన్నారు. నిలబడడమే గుండెకు భారమైతే, వ్యాయామం పడుకునో కూర్చునో మొదలవుతుంది.